గరాజ్ పోగొట్టిన రిపబ్లిక్

విండ్సర్,
2023 జనవరి 22, ఆదివారం

పాండురంగ అన్నకి,

ఇవాళ పొద్దున్నే మొదటి ఆశ్చర్యం: నీ కుర్చీలో నర్సింహ కూర్చున్నాడు.

నువ్వు ఉద్యోగానికని రిచ్‌మండ్ హిల్ వెళ్ళిపోయినప్పటి నుంచి, వంటింట్లో హీటర్ వేడిగాలి వచ్చే జాలీ పక్కనున్న ఆ కుర్చీని ఎవరూ ముట్టుకోలేదు. నిలబడి తిన్నారు, మెట్ల మీద కూర్చుని తిన్నారు గానీ దాంట్లో మాత్రం కూర్చోలేదు. ఇవాళ నేను చర్చికి బయల్దేరి కిందికి వచ్చేసరికి నర్సింహ దాంట్లో కూర్చుని ఉప్మా తింటున్నాడు. నన్ను చూడగానే గిన్నెతో సహా లేచాడు. "కాళ్ళు గుంజుతున్నయని కూసున్న సలోమీ, అన్నకు చెప్పకు" అన్నాడు. నువ్వు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నావు. అయినా లేచాడు!

ఉత్తరమేమిటి, ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేయకూడదు. నువ్వు వాట్సాప్ గ్రూపులో "ఆల్ ది బెస్ట్ గైస్" అని పెట్టి బయటికి వెళ్ళిపోయాక, ఈ అద్దింట్లో మిగిలిన మేం నలుగురం, నేనూ నర్సింహా కిరీటీ అనన్యా, కూర్చుని ఒక తీర్మానం చేశాం. ఇంటి విషయాల గురించి ఎవరూ అన్నకి ఫోన్ చేయకూడదు, మెసేజ్ పెట్టకూడదు. నీ మాట ఒకటి వచ్చిందంటే మా నలుగురి మాటలూ ఎందుకూ పనికిరావు కదా. అనన్య రాసింది, అందరం సంతకాలు పెట్టాం. తీర్మానంలో ఉత్తరాల ప్రస్తావన లేదు. కాబట్టి నేను చట్టం తప్పడం లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. కంప్యూటర్ సైన్స్ వాళ్ళం బయటి సబ్జెక్టు ఒకటి తీసుకోవాలి కదా, టైం కుదిరిందని యూరప్ చరిత్ర తీసుకున్నాను. టైం కోసం తీసుకున్నదే ఇప్పుడు నా ప్రాణమైపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయి, చక్రవర్తి పారిపోయి, ఆ దేశం రిపబ్లిక్ అయిన కథ చెబుతున్నారు. మా ప్రొఫెసరు పెట్టిన షరతు ఒక్కటే: ఆ కాలం వాళ్ళు ఉత్తరాల మీద బతికారు కాబట్టి, టర్మ్ అయ్యేదాకా మీరూ ఎవరో ఒకరికి పోస్టులో ఉత్తరాలు రాయండి, విన్నదీ చూసిందీ రాయండి అన్నారు. ఆయనకి చూపించక్కర్లేదట. నేను నిన్ను ఎంచుకున్నాను. ఎందుకో కింద తెలుస్తుంది.

1918 నవంబరు 9. బెర్లిన్‌లో ఒక నాయకుడు పార్లమెంటు క్యాంటీన్‌లో నీళ్ళలాంటి సూపు తాగుతున్నాడట. బయట జనం. ఎవరో వచ్చి, అవతలివాళ్ళు వేరే రకం రిపబ్లిక్ ప్రకటించబోతున్నారని చెప్పారు. ఆయన సూపు వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్ళి, "రిపబ్లిక్ వర్ధిల్లాలి" అనేశాడు. ఎవర్నీ అడగలేదు. రెండు గంటల తర్వాత రాజభవనం దగ్గర ఇంకొకాయన ఇంకో రిపబ్లిక్ ప్రకటించాడు. ఒకే ఊళ్ళో, ఒకే రోజు, రెండు! రాజు మాత్రం ఇంకా రాజీనామా మీద సంతకమే పెట్టలేదు. ఇంగ్లీషులో చదివిన ప్రతి మాటకీ తెలుగు వెతుక్కుంటున్నాను. సింహాసన పరిత్యాగం. ఎంత బరువైన మాట! దాన్ని పలికితే నోట్లో ఇత్తడి బిందె దించినట్టుంది.

నీకు తెలిసిందే అయినా మన యుద్ధం కూడా రాస్తాను, చరిత్ర కదా. ఓనరు భీమారావు అంకుల్ హీటర్‌ని నడిపే థర్మోస్టాట్‌ని పంతొమ్మిది డిగ్రీల దగ్గర పెట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి తాళం వేశాడు. నువ్వు ఆ డబ్బా మీద ఫ్రోజెన్ ములక్కాడ ముక్కల ప్యాకెట్ పెట్టావు. ఇల్లంతా గడ్డకట్టిందనుకుని హీటర్ ఆగకుండా తిరిగింది. మేమంతా బనియన్లతో, నైటీలతో తిరిగాం, నీకు జేజేలు కొట్టాం. అలా తిరిగి తిరిగి క్రిస్మస్ చలికి, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ చచ్చిపోయింది. మెకానిక్‌ని తీసుకొచ్చిన అంకుల్‌కి ములక్కాడలు దొరికాయి. మనం ఓడిపోయాం.

ఆయన సంధి పత్రం తెచ్చిన రోజుకి నువ్వు లేవు. కారు హారన్ వినగానే కిరీటి లైబ్రరీకి పోయాడు, నర్సింహ బాత్రూంలో దూరాడు, అనన్య షిఫ్టులో ఉంది. తలుపు నేను తీశాను. థర్మోస్టాట్ జోలికి పోకూడదు, గరాజ్ ఖాళీ చేసి తాళాలు ఇచ్చేయాలి, లేకపోతే ఏప్రిల్ తర్వాత లీజు లేదు. సంతకం పెట్టాను. పెట్టావు కాబట్టి ఇక మీటింగులూ నువ్వే నడుపు అన్నారు మిగతా ముగ్గురూ. అలా నేను ప్రభుత్వాన్నయ్యాను.

అప్పటినుంచి గరాజ్‌లో ఆడే క్యారమ్స్ బోర్డు మంచం కింద ఉంది. బజ్జీల స్టవ్ అట్టపెట్టెలో ఉంది. నర్సింహ అందరికీ కటింగ్ చేసే స్టూలు వరండాలో మంచులో ఉంది. కిరీటి రోజుకోసారి అంటాడు: "అన్న ఉంటే గరాజ్ పోయేదా?" నన్ను చూస్తూనే అంటాడు.

నీ గది ఇంకా ఖాళీగానే ఉంది. ఎవరికివ్వాలో తేలలేదు.

నీ చెల్లెలు,
సలోమి

*

రిచ్‌మండ్ హిల్,
2023 జనవరి 29

సలోమికి,

ఉత్తరం అందింది. ఇంటివాళ్ళ అమ్మాయి తెచ్చి "అంకుల్, యూ గాట్ లైక్, యాక్చువల్ మెయిల్" అని వింతగా చూసింది. నన్ను అంకుల్ అన్నది. ఇరవై ఏడేళ్ళకే.

మీ తీర్మానం చదివి నవ్వుకున్న. చేసుకోండి, మంచిదే. నేర్చుకోవాలె. కానీ కొన్ని సంగతులు గుర్తుపెట్టుకో. వంటింటి సింక్‌లో అన్నం మెతుకులు పడనీయొద్దు, పైపు జామ్ అయితది. చెత్త డబ్బా బయట పెట్టేది బుధవారం పొద్దున, మంగళవారం రాత్రి కాదు, ఉడతలు లాగుతయి. కిరీటిని పెరుగు తోడు పెట్టనియ్యకు. నర్సింహ చెయ్యి పెడితేనే తోడుకుంటది, ఎందుకో నాకూ తెల్వదు. కుర్చీ జాలీ దగ్గరే ఉండాలె, జరపొద్దు. నర్సింహను కూసోమను, ఏమనుకోను. కానీ జరపొద్దు.

ఇక్కడ బాగుంది. ఒక తెలుగువాళ్ళ ఇంటి బేస్‌మెంట్. రోజూ ట్రెయిన్ ఎక్కి డౌన్‌టౌన్ ఆఫీసుకు పోతున్న. టీం మంచిది. మేనేజర్ నన్ను "పాన్" అంటడు. ఊపిరాడనంత పని. అందుకే మీ ఎవరి గురించీ ఆలోచించే తీరికే లేదు.

ఒక్క మాట మాత్రం అడగాలె. గరాజ్ ఎందుకు రాసిచ్చినవ్? భీమారావు గారు ఏది అడిగితే అది ఇచ్చేస్తరా? కొంచెం బేరమాడాలె కదా. నేనుంటే వేరేగా ఉండేది. సరే, చిన్నపిల్లవు, భయపడ్డవు. అయిపోయింది.

నీ తెలుగు బాగుపడ్డది. మొదటిసారి వచ్చినప్పుడు "నేను హంగ్రీగా ఉన్నాను" అన్నదానివి, ఇప్పుడు సింహాసన పరిత్యాగం అంటున్నవ్.

చలికి జాగ్రత్త.

పాండురంగ

*

విండ్సర్,
2023 ఫిబ్రవరి 12, ఆదివారం

అన్నా,

నీ ఉత్తరం చదివి మొదట సిగ్గుపడ్డాను. నిజమే, బేరమాడాల్సింది, భయపడ్డాను అనుకున్నాను. వారం రోజులు అలాగే అనుకుంటూ తిరిగాను. సంధికాగితం తీసి మళ్ళీ మళ్ళీ చదివి, ఏ మాట దగ్గర ఆగి ఉండాల్సిందో చూసుకున్నాను.

ఈలోగా క్లాసులో జనవరి 1919 ఎన్నికలు అయ్యాయి. ఆ దేశంలో ఆడవాళ్ళు మొదటిసారి ఓటేసిన రోజు. ప్రొఫెసరు ఒక ఫోటో చూపించారు. చలికోట్లు వేసుకుని వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు. ఒక ముసలావిడ చంకలో సంచీ, మొహంలో ఏ భావమూ లేదు. బస్సు కోసం నిలబడ్డట్టుంది. నాకు ఆవిడే నచ్చింది. దేశం ఓడిపోయింది, తిండి లేదు, రాజధానిలో తుపాకులు పేలుతున్నాయి, పార్లమెంటు పెట్టుకోవడానికి వేరే చిన్న ఊరు వెతుక్కున్నారు. అయినా ఆవిడ వచ్చి లైన్లో నిలబడింది.

తర్వాతి క్లాసు యుద్ధ విరమణ గురించి. యుద్ధం ఓడిపోయాం, వెంటనే ఆపేయండి అని మొదట చెప్పింది పెద్ద సైన్యాధికారులేనట. చెప్పి పక్కకి తప్పుకున్నారు. అడవిలో ఆగిన రైలు పెట్టెలోకి వెళ్ళి సంతకం పెట్టింది మాత్రం పార్లమెంటు మనిషి, యూనిఫాం లేనివాడు. ఏడాది తిరిగేసరికి ఆ అధికారులే, మేం ఓడలేదు, వెనక ఉన్నవాళ్ళు మమ్మల్ని పొడిచారు అన్నారు. జనం నమ్మారు. ఎందుకు నమ్మారని క్లాసులో అడిగాను. "సంతకం కళ్ళకి కనిపిస్తుంది. సంతకం పెట్టమని ఎవరు చెప్పారో కనిపించదు" అన్నారు ప్రొఫెసరు.

ఇక నిన్నటి సంగతి. శనివారం భీమారావు అంకుల్ మంచు తవ్వే పార తీసుకోవడానికి వచ్చాడు. గరాజ్ తెరిచాడు. లోపల ఖాళీ. ఒక మూల బజ్జీల నూనె మరక. నేను ఊరుకోలేక అడిగాను.

"అంకుల్, దీంట్లో మీరు కారు కూడా పెట్టుకోవట్లేదు కదా. మరి ఎందుకు తీసుకున్నారు?"

ఆయన పార భుజాన వేసుకుని నా మొహంలోకి చూశాడు. "నేనెక్కడ తీసుకున్నానమ్మాయ్? నాకు కావాల్సింది ఆ థర్మోస్టాట్ జోలికి రాకుండా ఉండటం. అంతే. గరాజ్ తీసుకోండి అంకుల్ అన్నది మీ పాండురంగే."

"ఎప్పుడు?"

"న్యూ ఇయర్ రోజు ఫోన్ చేశాడు. ఫర్నేస్ నేనే పాడుచేశాను, లీజు మాత్రం తీసేయకండి, గరాజ్ తీసుకుని కోపం తీర్చుకోండి అన్నాడు. సరేనన్నాను. నా పేరు పైకి రానివ్వకండి, సలోమి సంతకం పెడుతుంది, ఆ పిల్లతో ఎవరూ గొడవపడరు అన్నాడు. ఈపాటికి మీకు చెప్పేసి ఉంటాడనుకున్నా, చెప్పలేదా?"

"చెప్పాడు అంకుల్, మర్చిపోయాను" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. బయటివాళ్ళ ముందు ఇంటి పరువనుకుంటా.

అన్నా, ఆ పిల్లతో ఎవరూ గొడవపడరు అన్నావు కదా. రోజూ పడుతున్నారు.

ఇంకొకటి. కిరీటి మీటింగుకి ఒక ప్రతిపాదన ఇచ్చాడు. ఫిబ్రవరి 25, శనివారం ఓటింగ్. "అన్నని వెనక్కి పిలవాలి. ఇల్లు మళ్ళీ అన్న చేతిలో పెట్టాలి." నీ ఉద్యోగం వారానికి రెండు రోజులు ఆఫీసుకి వెళ్తే చాలట, మిగతాది ఇంటినుంచే చేసుకోవచ్చట, అందరం కలిసి అడిగితే వస్తావట. నీకెలా తెలుసని అడిగితే కిరీటి చెవి గోక్కున్నాడు. నాకు మాత్రం రోజూ ఆఫీసు అని రాశావు.

ఆ ప్రతిపాదన నెగ్గితే నేను ఇక్కడ ఉండను. అలిగి చెప్పడం లేదు. గరాజ్ పోగొట్టిన పిల్లగా ఈ వంటింట్లో తిరగలేను. వెతికితే ఎక్కడో ఒక గది దొరుకుతుంది, తెలియని వాళ్ళతో. కానీ నాకు ఈ ఇల్లే కావాలి. అనన్య రాత్రిళ్ళు చదువుకుంటూ పాడే పాటలు, నర్సింహ తోడుపెట్టిన పెరుగు, కిరీటి గొణుగుడు కూడా.

అంకుల్ చెప్పింది ఎవరికీ చెప్పలేదు. చెప్పననడం లేదు. ఆలోచిస్తున్నాను.

సలోమి

*

రిచ్‌మండ్ హిల్,
2023 ఫిబ్రవరి 18

సలోమీ,

రోజూ ఆఫీసు అనేది అబద్ధం. రెండు రోజులే. మిగతా ఐదు రోజులు బేస్‌మెంట్లోనే. పైన ఇంటివాళ్ళు నడుస్తుంటే వినపడతది. ఎవరు ఎవరో అడుగుల చప్పుడుబట్టి చెప్పగలను ఇప్పుడు. వాళ్ళకు నా పేరు పూర్తిగా తెల్వదు. మంచోళ్ళే.

అన్నం రోజూ ఎక్కువ వండుతున్న. ఐదుగురికి వండిన చెయ్యి, ఒక్కడికి లెక్క తెలుస్తలేదు.

నువ్వు ఉత్తరంలో ఆ రైలు పెట్టె గురించి రాసింది రెండుసార్లు చదివిన. గరాజ్ సంగతి మళ్ళీ రాస్త. ఇప్పుడు రాయబుద్ధి అయితలేదు.

ఒకటి చెప్పు. ఆ జర్మనీ రాజు తర్వాత ఏమైండు? మళ్ళీ పోయిండా తన ఊరికి?

పాండురంగ

*

విండ్సర్,
2023 ఫిబ్రవరి 26, ఆదివారం

అన్నా,

ముందు నీ ప్రశ్నకి జవాబు. వెళ్ళలేదు. రాజు తెల్లవారుజామున కారులో పక్కదేశం సరిహద్దుకి చేరాడు. వాళ్ళు వెంటనే రానివ్వలేదు. అంత పెద్ద చక్రవర్తి ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ పచార్లు చేస్తూ గంటల తరబడి ఎదురుచూశాడు. సంతకం ఆ నెల చివర్లో గానీ పెట్టలేదు. ఆయన సామాను మాత్రం రైలు పెట్టెల నిండా వెనకాలే వచ్చింది. తర్వాత ఇరవై ఏళ్ళు ఆ దేశంలోనే కట్టెలు కొట్టుకుంటూ బతికాడు. నిజంగానే, గొడ్డలి పట్టి. ఎవరైనా వచ్చి రమ్మంటారని చివరిదాకా ఎదురుచూశాడట.

ఇది చదివినప్పుడు నాకు నువ్వు ఐదుగురికి అన్నం వండటం గుర్తొచ్చింది. ఆ రాజు మీద లేని జాలి నీ మీద కలిగింది. సరే.

ఇప్పుడు నిన్నటి మీటింగు. ఎవరు ఏమన్నారో అన్నట్టే రాస్తున్నాను.

అందరం వంటింట్లో చేరాం. కుర్చీ ఖాళీ. కిరీటి లేచి తన ప్రతిపాదన చదివాడు. "అన్న ఉన్నప్పుడు ఇల్లు ఇల్లులా ఉండేది. ఇప్పుడు చూడండి, ఉప్పు డబ్బా ఎక్కడుంచాలన్నా మీటింగే! అన్న వస్తే మళ్ళీ అన్నీ సెట్టవుతాయి. ఆయన గది కూడా ఖాళీ ఉండదు, నేను దాంట్లోకి మారతాను, ఆయన కింద నా గదిలో ఉంటారు."

నర్సింహ తలెత్తాడు. "ఏ గది? అన్న గదా? అది నాదిరా బై."

"నీదేంట్రా? అన్న నాకిస్తానన్నారు."

"ఎప్పుడన్నడు?"

"మొన్న ఫోన్లో..." అని కిరీటి ఆగిపోయాడు.

అనన్య గరిటె కింద పెట్టింది. వాళ్ళది కర్నూలు కదా, కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "ఫోన్లోనా? ఏమప్పా, మనం చేసిన తీర్మానమేంది?"

"నేను ఇంటి సంగతి మాట్లాడలా. ఊరికే, బాగున్నారా అని..."

"నాకు గూడ మొన్ననే చెప్పిండు" అన్నాడు నర్సింహ. "పెద్ద కిటికీ ఉన్న గది నీదేరా నర్సింహా, నడుము నొప్పి నీకు, నువ్వే తీసుకో అన్నడు."

"నువ్వూ చేశావన్నమాట!"

"నువ్వు చేయంగ లేనిది నేను చేస్తే తప్పా?"

ఇద్దరూ అనన్య వైపు తిరిగారు, తీర్పు చెప్పమని. అనన్య మొహం ఎర్రబడింది. "నాకూ చెప్పినాడు" అంది మెల్లగా. "ఆ గదిని చదువుకునే గది చేసుకోమని. పరీక్షలున్నాయని నేనే అడిగితి."

అప్పుడే కుక్కర్ కూత పెట్టింది. నర్సింహ నవ్వు ఆపుకోలేక సింక్ పట్టుకుని వంగాడు. తర్వాత అందరం నవ్వాం. తీర్మానం రాసింది అనన్యే కదా! కిరీటి ఒక్కడే నవ్వలేదు. "ఒక్క గది ముగ్గురికి ఇచ్చారా? మరి నాతో ఈ ప్రతిపాదన పెట్టించింది..." అని మధ్యలో ఆపి, నా వైపు చూశాడు. "నువ్వు మాత్రం చేయలేదు కదా సలోమీ?"

"ఫోన్ చేయలేదు. ఉత్తరాలు రాస్తున్నాను. రెండు."

"ఉత్తరాలా! స్టాంపు అంటించి?"

"స్టాంపు అంటించి."

"చూసినవా" అన్నాడు నర్సింహ కిరీటితో, "మనకన్న ఈమెనే నయం. కష్టపడి మోసం చేసింది."

కిరీటి ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు. సరేలే, ఇక నువ్వే చూసుకో సలోమీ అన్నారు. నేను ఒప్పుకోలేదు. తలుపు తీసినందుకు ప్రభుత్వమయ్యాను, ఇప్పుడు అందరూ నవ్వినందుకు కూడా ప్రభుత్వమవ్వాలా? చీటీలు రాయండి అన్నాను. బియ్యం కొలిచే గ్లాసులో నాలుగు చీటీలు వేశాం. రెండు నాకు. ఒకటి అనన్యకి, అది నేను వేసిందే. ఒకదాని మీద "అన్న" అని ఉంది. చేతిరాత గుర్తుపట్టకుండా పెద్ద అక్షరాలతో రాశారు. అదెవరిదని నేను అడగలేదు, ఎవర్నీ అడగనివ్వలేదు. ఆ చీటీ కూడా జాగ్రత్తగా దాచాను.

నీ గది చదువుకునే గది అయింది, అందరికీ. నర్సింహ మంచం మీద ఇంకో పరుపు వేశాం. కుర్చీ జరిపాం అన్నా. టేబుల్‌కి ఇటుపక్క పెట్టాం. జాలీ ముందు ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నాం, బాగా ఆరుతున్నాయి.

గరాజ్ సంగతి మీటింగులో చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. చెప్పి ఉంటే నాలుగు చీటీలూ నాకే పడేవేమో. కానీ అవి నీ మీద కోపంతో పడ్డ ఓట్లయ్యేవి. నాకు నా ఓట్లు కావాలి, రెండైనా సరే. కిరీటి ఇవాళ పొద్దున కూడా "ఏదైనా గరాజ్ మాత్రం పోయింది" అన్నాడు. విన్నాను. ఆ మాట ఇంకెన్నాళ్ళు వినాలో చెప్పాల్సింది నువ్వు.

సలోమి

*

రిచ్‌మండ్ హిల్,
2023 మార్చి 9

విండ్సర్ ఇంటి ప్రజలైన నర్సింహ, కిరీటి, అనన్య, సలోమి గార్లకు,

పాండురంగ అనే నేను వంటింటి కుర్చీ మీద, థర్మోస్టాట్ మీద, టీవీ రిమోట్ మీద, ఇంకా కూరల్లో ఉప్పు ఎంతుండాలనే దాని మీద నాకున్న సమస్త హక్కులను ఇందుమూలంగా వదులుకుంటున్నాను. ఒకే గదిని ముగ్గురికి ఇచ్చినందుకు సిగ్గుపడుతున్నాను. మీరు ఫోన్ చేసినప్పుడల్లా సంతోషంతో ఎవరేది అడిగితే దానికి సరేనన్నాను.

గరాజ్ పోగొట్టింది సలోమి కాదు. నేను. న్యూ ఇయర్ రోజున భీమారావు గారికి ఫోన్ చేసి, లీజు కోసం గరాజ్ నేనే ఇచ్చేశాను. మీకు మొహం చూపించలేక, సంతకానికి ముందే బయల్దేరాను. ఈ కాగితాన్ని మీటింగులో గట్టిగా చదవాలి. కిరీటి చదివితే మంచిది.

పాండురంగ

(వెనక పేజీ సలోమికి మాత్రమే.)

భీమారావు గారికి మళ్ళీ ఫోన్ చేసిన. ఎండాకాలం వస్తున్నది, గరాజ్ పిల్లలకు వెనక్కి ఇయ్యుండి అన్న. "నీతో మాట్లాడను, సంతకం పెట్టిన అమ్మాయిని రమ్మను" అన్నడు. 18, శనివారం పదకొండింటికి గరాజ్ దగ్గరికి వస్తనన్నడు. నన్ను కూడా రమ్మన్నడు, ఫర్నేస్ గురించి మొహం మీద రెండు మాటలు అనాలట. వస్త. శుక్రవారం దారిలో లండన్ అనే ఊళ్ళో ఫ్రెండ్ దగ్గర ఆగి, పొద్దున పది గంటల బస్సుకు దిగుత. మీ ఇంట్లో పండుకోవడానికి చోటు ఉంటదా? చదువుకునే గదిలో అయినా సరే.

ఇప్పుడు రెండు గ్లాసుల బియ్యమే పోస్తున్న. అయినా కొంచెం మిగులుతున్నది.

*

విండ్సర్,
2023 మార్చి 17, శుక్రవారం

అన్నా,

ఈ ఉత్తరం పోస్టులో వేయను. రేపు బస్సు దిగగానే నీ చేతిలో పెడతాను. ఎదురుగా నిలబడితే ఇవన్నీ చెప్పలేను.

నీ పరిత్యాగ పత్రం మంగళవారం వచ్చింది. నువ్వు కోరినట్టే కిరీటితో చదివించాను. "గరాజ్ పోగొట్టింది" అన్న చోట ఆగి, ఆ వాక్యాన్ని మనసులో ఒకసారి చదువుకుని, తర్వాత పైకి చదివాడు. చదవడం అయ్యాక కాగితం మడిచి నాకిచ్చాడు. సారీ చెప్పలేదు. రాత్రి నా వంతు గిన్నెలు తనే తోమాడు. మూకుడు కూడా. నాకది చాలు.

నర్సింహ ఏమన్నాడంటే, "అన్న మంచోడే. కానీ అన్నను చూసి భయపడుడు నాకు మంచిగ లేకుండె" అన్నాడు. అనన్య పత్రం అడిగి తీసుకుని, ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించింది. వచ్చినవాళ్ళందరూ చదువుతున్నారు. సిగ్గుపడకు, తెలుగు బాగుందని మెచ్చుకుంటున్నారు.

క్లాసులో రాజ్యాంగం దాకా వచ్చాం. చివర్లో ఒకబ్బాయి అడిగాడు, అన్నీ ఇంత అందంగా రాసుకున్న రిపబ్లిక్ పధ్నాలుగేళ్ళకే ఎందుకు కూలిందని. ప్రొఫెసరు చెప్పారు: "అది అందరూ అడుగుతారు, మనమూ అడుగుదాం. కానీ ఓటమిలో పుట్టి, తనది కాని సంతకం మోసుకుంటూ, రాజునే తలుచుకునే ఉద్యోగులతో ఆ పధ్నాలుగేళ్ళు ఎలా నిలబడిందో ముందు అడగండి." నేనది పుస్తకం అంచున రాసుకున్నాను. సంచీ పట్టుకుని లైన్లో నిలబడ్డ ముసలావిడ లాంటి వాళ్ళవల్ల అని దాని కింద నా జవాబు రాశాను. తప్పో ఒప్పో తెలియదు.

రేపటి ఏర్పాట్లు ఇవి. తొమ్మిదిన్నరకి నర్సింహ, నేను కారులో బస్‌స్టాప్‌కి వస్తాం. ముందు సీటు నాది. ఇంటికి రాగానే టీ ఉంటుంది, కుర్చీ ఉంటుంది, ఏ కుర్చీలో ఎవరు ముందు కూర్చుంటే అది వాళ్ళదే. చదువుకునే గదిలో నీకు పరుపు వేశాం, రెండు రాత్రులకి. ఆదివారం వంట వంతుల్లో నీ పేరు రాశాను. ఐదుగురికి వండు, మిగలదు.

పదకొండింటికి భీమారావు అంకుల్ వస్తాడు. మేం నలుగురం అనుకున్న షరతులు అనన్య రాసిపెట్టింది. శని, ఆదివారాలు మాత్రమే, స్టవ్ కింద రేకు పరవాలి, నూనె మరక మేమే కడగాలి. మరక కోసం పొద్దున్నే లేచి కిరీటి సబ్బునీళ్ళు కాస్తానన్నాడు. నువ్వు అంకుల్ చెప్పే రెండు మాటలూ పడు, ఎదురు చెప్పకు. తర్వాత వచ్చి మాతోపాటు నిలబడు, నర్సింహ పక్కన. మాట్లాడేది నేను. ఈసారి బేరమాడతాను.

సలోమి